మొదటి ఉతుకు వాటా

గరాజ్ ఖాళీ చేయించడానికి మా అమ్మాయి లలిత తనుండే ఊరు హెర్న్‌డన్ నుంచి రెండు రోజులు సెలవు పెట్టి వచ్చింది. ఈ న్యూజెర్సీ ఇల్లు అమ్మేసి నేను వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోవాలని తీర్మానం. తీర్మానం వాళ్ళది, తల ఊపడం నాది. ఉంచేవి, ఇచ్చేవి, పారేసేవి అని అది మూడు కుప్పలు పెట్టింది. నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని, అది అటు తిరిగినప్పుడల్లా పారేసే కుప్పలోంచి ఒక్కోటీ తీసి ఉంచే కుప్పలో పెడుతున్నాను. అలా మధ్యాహ్నం దాకా ఇద్దరం కష్టపడ్డాం, గరాజ్ ఎలా ఉన్నది అలాగే ఉంది. అప్పుడు అటక మీంచి తుప్పు పట్టిన కాఫీ పొడి డబ్బా ఒకటి దిగింది. మూత తీస్తే నిండా చెక్క పుల్లలు. రంగు డబ్బా కొన్నప్పుడు కలుపుకోమని ఊరికే ఇస్తారే, ఆ పుల్లలు. ఒక్కోదానికి ఒక చివర ఎండిపోయిన రంగు, రెండో చివర తెల్లటి నూలు పోగు, ఆ పోగుకి వరసగా ముడులు.

“అమ్మా, వాట్ ఈజ్ దిస్? స్టిక్స్‌కి థ్రెడ్ ఎవరు కట్టారు? ట్రాష్‌లో వేస్తున్నా.”

“వేశావంటే వాటితో పాటు నువ్వూ వెళ్తావు ట్రాష్‌లోకి. ఇలా తే.”

ఒడిలో పోసుకున్నాను. చిలకపచ్చ, కనకాంబరం, ఎండుమిరప, గచ్చకాయ రంగు. అడుగున వంకాయ రంగు పుల్ల. దాని పోగుకి అన్ని ముడులూ అయ్యాక, ఒక వేలెడు ఎడంగా, ఇంకో ముడి ఒంటరిగా ఉంది. ఆ ఒంటి ముడి చూడగానే నాకు నవ్వొచ్చింది. నలభై ఏళ్ళ కిందటైతే దాన్ని చూడగానే డబ్బా మూత పెట్టేసేదాన్ని.

మా పుట్టింటివాళ్ళు చీరాల దగ్గర నూలుకి రంగు అద్దేవాళ్ళు. పొద్దున్నే కాగుల కింద పొట్టు మంట, సోడా ఘాటు, తడి నూలు వాసన. మా నాన్న చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేవి. పెళ్ళి భోజనాల్లో వడ్డించేవాళ్ళు ఆయన ఆకు దగ్గరికి వచ్చి, చేతులు చూసి, గరిట పట్టుకుని ఒక్క క్షణం ఆగేవాళ్ళు. ఆయన మాత్రం ఆ చేత్తోనే పప్పు దర్జాగా కలుపుకునేవాడు. నాన్నకి చదువు లేదు. ఏ రంగులో ఏది ఎన్ని గరిటెలు పడిందో నూలు పోగుకి ముడులు వేసి గుర్తు పెట్టుకునేవాడు. ముందు నీలం ముడులు, కాస్త ఎడం, ఎరుపు ముడులు, కాస్త ఎడం, పసుపు ముడులు. చివరికి ఒక ఒంటి ముడి. దాని పేరు మొదటి ఉతుకు వాటా. “కొత్త చీర మొదటి ఉతుకులో కాస్త రంగు నీళ్ళకి ఇస్తుందమ్మా. ఆ ఇచ్చేదేదో మనమే ముందుగా వేసి పంపాలి. లేకపోతే కొన్నావిడ ఆరేసేటప్పుడు మనల్ని తిట్టుకుంటది” అనేవాడు. అందుకని మా దగ్గర్నుంచి పోయే ప్రతి చిలపా, అంటే ప్రతి నూలు కట్టా, అడిగినదానికన్నా ఒక పిసరు ముదురుగానే పోయేది. నన్ను బడికి పంపమని మా అమ్మ రెండు మూడుసార్లు అడిగింది. “దీని కన్ను మంచిది. అక్షరాలొస్తే కన్ను చీటీ మీదకి పోతది, రంగు మీద నిలబడదు” అని నాన్న కొట్టిపారేశాడు. నాకూ బడికన్నా కాగుల దగ్గరే బాగుండేది. అంకెలు మాత్రం డబ్బు వల్లా బస్సు నంబర్ల వల్లా వాటంతటవే వచ్చాయి. అక్షరాలు రాలేదు.

మా బావ శేషగిరికి నన్నిచ్చారు. మేనత్త కొడుకు. విజయవాడలో కార్లకి సొట్టలు తీసి రంగు వేసే పని నేర్చుకున్నాడు. వాళ్ళన్న అమెరికాలో ఉండబట్టి కాగితాలు పెట్టి రప్పించుకుంటే, ఇక్కడే న్యూజెర్సీలో, పిస్కాటవే పక్కన సాల్ అనే ఇటలీవాళ్ళాయన షెడ్డులో చేరాడు. రెండేళ్ళకి నేనూ వచ్చి చేరాను. కింద బేకరీ, పైన మా రెండు గదులు. పొద్దున రొట్టె వాసన, మధ్యాహ్నం నా ఇంగువ వాసన, సాయంత్రం బావతో పాటు మెట్లెక్కి వచ్చే థిన్నర్ వాసన. బావ చొక్కా బయట మేకుకే తగిలించి లోపలికి రావాలని నా కట్టడి. సెనగపిండితో చేతులు రుద్దుకుని, కొబ్బరినూనె రాసుకుని, మళ్ళీ సెనగపిండితో రుద్దుకుంటే గానీ గోళ్ళలోంచి రంగు పోయేది కాదు. మా నాన్న చేతులే సముద్రం దాటి నా ఇంటికొచ్చి అన్నం తింటున్నట్టుండేది. మిగతా దేశమంతా కొత్తగా ఉన్నా ఆ చేతుల వల్ల నాకు బెంగ కలగలేదు.

మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని షెడ్డుకి వెళ్ళేదాన్ని. ఒకరోజు ఆకుపచ్చ కారు తలుపొకటి ముందు పెట్టుకుని సాల్, బావ ఇద్దరూ తలలు గోక్కుంటున్నారు. ఎన్నిసార్లు కలిపినా కొత్త తలుపు పాత కారుతో కలవడం లేదు. నేను క్యారేజీ కింద పెట్టి, “దాన్లో పసుపు తక్కువైంది బావా. నలుపు ఎవరేశారు? తీసేయండి” అన్నాను. “వేసింది ఎలా తీస్తామే!” అని బావ విసుక్కున్నాడు. ఏమంటోందని సాల్ అడిగాడు. చెప్పాడు. పోనీ ఆమెనే కలపమను అన్నాడు సాల్. నేను కొంగు దోపుకుని కలిపాను. తలుపు ఆరాక సాల్ దగ్గరికి వచ్చి చూసి, దూరం వెళ్ళి చూసి, ఎండలోకి తోయించి చూసి, మర్నాటి నుంచి క్యారేజీతో పాటు నన్నూ రోజూ రమ్మన్నాడు. నా పేరు నాగరత్నం. ఆయన నోట అది ‘రాట్నా’ అయింది. నూలువాళ్ళ పిల్లకి అదీ సరిపోయిందిలే అనుకున్నాను.

ఆ షెడ్డుకి ఎక్కువగా వచ్చేవి అప్పటికి పదేళ్ళు వాడేసిన కార్లు. పొడుగు ముక్కు, పొట్టి తోక, రెండే తలుపులు. స్టార్ట్ చేస్తే గోడకి తగిలించిన స్పానర్లు గలగలలాడేవి. మజిల్ కార్లు, అంటే కండల కార్లు, అనేవాళ్ళు. బావ వాటిని పహిల్వాన్లు అనేవాడు. “ఈ పూట ఇద్దరు పహిల్వాన్లు అడ్మిట్ అయ్యారే, అన్నం కాస్త ఎక్కువ పెట్టు” అనేవాడు ఫోన్లో. పెట్రోలు ధర పెరిగాక వాటిని అడిగే దిక్కు లేకపోయింది. చవగ్గా కొనుక్కుని కుర్రకారు గుద్దేవాళ్ళు, తోచిన రంగు కొట్టించేవాళ్ళు. అలాంటప్పుడే ఒకరిద్దరు వచ్చి, నా కారు ఫ్యాక్టరీ నుంచి ఏ రంగులో వచ్చిందో అదే కావాలి అనడం మొదలుపెట్టారు. సాల్ దగ్గర ఆ కాలపు రంగుల పుస్తకం ఉండేది. చిన్న చిన్న రంగు చతురస్రాలు, కింద పేర్లు. మధ్యాహ్నం అన్నాలయ్యాక బావ నాకవి చదివి వినిపించేవాడు.

“ఇది గో మాంగో.”

“ఇదా మామిడిపండు? ఇది కనకాంబరం రంగు బావా. వీళ్ళు జన్మలో మామిడిపండు చూశారా?”

“కంపెనీవాళ్ళని నన్ను అడగమంటావా? ఇదిగో, టాప్ బనానా.”

“ఇది కాస్త నిజం. చక్కెరకేళి కాదనుకో. ఇదేంటి, ఈ వంకాయ రంగు?”

“ప్లమ్ క్రేజీ. అంటే… పిచ్చెక్కిన నేరేడుపండు.”

ఇద్దరం గట్టిగా నవ్వాం. ఏమైందని సాల్ వచ్చాడు. ఆయనకి కనకాంబరం ఏమిటో బావ చేతులూపి చెప్పాడు. వారం తిరిగేసరికి “రాట్నా, కనకాంబ్రా డబ్బా ఇలా ఇవ్వు” అని సాల్ అరవడం మొదలైంది. దసరాకి నేను స్ప్రే గన్‌కి, రంగులు తూచే త్రాసుకి బొట్లు పెడితే ఆయన కాదనలేదు. తనూ ఒకసారి గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు, రెండు వైపులా భద్రంగా ఉంటుందని.

నాకు చదవడం రాదని మాత్రం సాల్‌కి తెలియదు. చెప్పొద్దని బావతో ఒట్టు వేయించుకున్నాను. రంగు డబ్బాలన్నిటికీ మూత మీద ఒక చుక్క అద్ది పెట్టుకున్నాను, అవే నా అక్షరాలు. కారుకి ఇంజిన్ దగ్గర ఒక రేకు ముక్క ఉంటుంది, దాని మీద రంగు సంకేతం ఉంటుంది. ఆ సంకేతాన్ని బట్టి రంగుల కంపెనీవాళ్ళు కార్డు పంపుతారు. ఏ డబ్బాలోది ఎన్ని గ్రాములో దాన్లో ఉంటుంది. అంకెలు నేను గుర్తుపడతాను, ఏ డబ్బాకి ఏ అంకె అనేదే పట్టలేను. బావ చదువుతుంటే నేను పోసేదాన్ని. నా అసలు పద్ధతి వేరు. ఎండ తగలని చోటు వెతికేదాన్ని. డిక్కీలో చాప కింద, తలుపు రబ్బరు వెనక, సీటు అడుగున. నూలు చిలపలో రంగు అసలు సంగతి ముడి విప్పి చూస్తే తెలుస్తుందని నాన్న నేర్పిందే. అక్కడ దొరికిన రంగుని చూస్తూ కలుపుకుంటూ పోయి, కలిసింది అనుకున్నప్పుడు ఆ పుల్లకి ముడులు వేసి దాచేదాన్ని. అతుకు పనులన్నీ అలా గడిచిపోయాయి.

అప్పుడు కారల్ వచ్చింది. ఒకటో క్లాసు టీచరు, నలభై దగ్గర పడుతున్న మనిషి, గట్టి గొంతు. ఆవిడ కారు ఇటుక రంగుకీ పేడ రంగుకీ మధ్య ఎటూ కాని గోధుమ రంగులో ఉంది. “ఇది నా మొదటి ఉద్యోగంలో నా జీతంతో కొనుక్కున్నాను. ప్లమ్ క్రేజీ. షోరూమ్‌లో ఉన్న అన్ని కార్లలోనూ నవ్వుతున్నది అదొక్కటే. పెళ్ళయ్యాక మా ఆయన, టీచర్ అన్నాక ఇలాంటి రంగేంటని, నా పుట్టినరోజున నాకు చెప్పకుండా ఇది కొట్టించుకొచ్చాడు. పన్నెండేళ్ళు దీన్లోనే తిరిగాను. ఇప్పుడు ఆయన లేడు.”

“అయ్యో,” అన్నాడు సాల్.

“చచ్చిపోలేదు. విడాకులు. నా రంగు నాకు కావాలి. దాదాపు అలాంటిది కాదు. అదే.”

బావ ఇదంతా నాకు తెలుగులో చెబుతుంటే ఆవిడ నా మొహమే చూస్తూ నిలబడింది, నేను నవ్వే చోట నవ్వుతానా లేదా అని. నవ్వాను.

మొత్తం కారుకి రంగు కలపడం నాకదే మొదటిసారి. సరిగ్గా ఆ వారమే బావ జ్వరంతో మంచమెక్కాడు. సాల్ నా చేతిలో కార్డు పెట్టి, “ఇది చూసి కలిపెయ్యి రాట్నా” అని వెళ్ళాడు. కార్డుని బోర్లించి త్రాసు కింద పెట్టాను. డిక్కీలో చాప ఎత్తితే అరచేయంత మేర అసలు రంగు దొరికింది. నవనవలాడే వంకాయ మీద నీళ్ళు చల్లి, లోపల వెండి రజను కలిపినట్టుంది. ఎంత ఆనందమేసిందంటే, ఇన్నేళ్ళు గోధుమ రంగు కింద అది నా కోసమే దాక్కుందనిపించింది. పొద్దుటినుంచి కలిపి, తలుపు దగ్గర వెలుగులో చూసి, నీడలో చూసి, కాస్త ఆరబెట్టి చూసి, సరిగ్గా పట్టాను. ముడులు వేశాను. అక్కడితో ఆగితే బాగుండేది. పూర్తి సరుకు ఒకటి మా చేతుల మీదుగా బయటికి పోతోందనుకున్నాను. మా నాన్న ఒక్క చిలప కూడా ఊరికే పంపలేదనుకున్నాను. నా చెయ్యి దానంతటదే నీలం డబ్బా మీదకి వెళ్ళింది, తర్వాత ఎరుపు మీదకి. ఒక్కో పిసరు. పోగు చివర ఒంటి ముడి పడింది.

సాల్ రంగు కొట్టాడు. షెడ్డు దీపాల కింద అందరికీ బాగానే ఉంది. శనివారం పొద్దున కారుని ఎండలోకి తీశారు. బావ కూడా మఫ్లర్ చుట్టుకుని వచ్చాడు. కారల్ బస్సు దిగి వచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, డిక్కీ తెరిచి, చాప ఎత్తి, లోపలి రంగు చూసి, బయటి రంగు చూసి, మూత వేసింది.

“చాలా అందంగా ఉంది. కానీ నాది కాదు.”

“కార్డు ప్రకారమే కలిపాం,” అన్నాడు సాల్. “రాట్నా, ఆ కార్డు తీసుకురా.”

తెచ్చాను.

“చదువు.”

బావ చెయ్యి చాపాడు. “నేను చదువుతా సాల్.”

“నిన్ను కాదు. కలిపింది తను.”

కార్డు నా చేతిలో ఉంది. కాకులు గీతల మీద కూర్చున్నట్టు అక్షరాలు. మెడ మీద ఎండ పడుతోంది. నాకు వచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుని, “నో రీడ్” అన్నాను.

సాల్ వెళ్ళి టైరు మీద కూర్చున్నాడు. “మరి ఇన్నాళ్ళూ?” అని అడిగాడు. లోపలికి వెళ్ళి నా పుల్లల డబ్బా తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను. ఆయన ఒక్కో పుల్లా తీసి ముడులు తడుముతుంటే బావ నా మీద విరుచుకుపడ్డాడు.

“కలిసిందానివి కలిసినట్టు ఆగక, ముదురు ఎందుకు చేశావే?”

“మొదటి ఉతుకు వాటా బావా.”

“కారుకి ఉతుకేందే నీ తెలివి తెల్లారినట్టుంది! దీన్ని చాకిరేవుకి పంపుతారా?”

ఏమంటున్నారని కారల్ అడిగింది. బావ సిగ్గుతో చచ్చిపోతూ మా నాన్న పద్ధతంతా చెప్పాడు. ఆవిడ ముందు నవ్వింది. బానెట్ మీద చెయ్యి ఆనించి, కళ్ళు తుడుచుకుని మరీ నవ్వింది. అమ్మయ్య అనుకున్నాను. తర్వాత నావైపు తిరిగి, బావని ఒక్కో ముక్కా తెలుగులో చెప్పమని, నిదానంగా అంది. “మీ నాన్నగారి పద్ధతి మంచిదే. కానీ మా ఆయన కూడా నాకేది మంచిదో తనకే తెలుసనుకుని, నన్ను అడగకుండా రంగు వేయించాడు.”

ఆ మాట నాకు తగిలినట్టు సాల్ ఏ తిట్టు తిట్టినా తగిలేది కాదు. ఆడవాళ్ళ చీరలకి తరతరాలుగా ఒక పిసరు కలిపి పంపాం. ఏ ఆడమనిషినీ మేమూ అడగలేదు. ఇక రేపటి నుంచి క్యారేజీ మాత్రమే వెళుతుంది, నేను వెళ్ళను అని తేల్చుకున్నాను. బేకరీ పైన కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చోవడమే. సాల్ పుల్లలన్నీ తిరిగి డబ్బాలో సర్దాడు. చివరికి, “సోమవారం పొద్దున్నే రా. గీకి మళ్ళీ కొడదాం. కానీ చదివేవాళ్ళు పక్కన లేకుండా నువ్వు డబ్బా మూత తీయకూడదు” అన్నాడు. ఉద్యోగం ఉంది. డబ్బాలే నావి కాకుండా పోయాయి.

సోమవారం బావ కార్డు చదివాడు, నేను గ్రాము తప్పకుండా పోశాను. చిత్రం ఏమిటంటే అదీ డిక్కీ రంగుతో కలవలేదు. కొంచెం ఎరుపు తిరిగింది. ఫ్యాక్టరీలో కూడా ఒక్కో కాగు ఒక్కోలా దిగుతుంది కాబోలు. సాల్ పుల్లని డిక్కీ రంగు పక్కన పెట్టి చూసి, నన్ను చూసి, నీలం డబ్బా మూత తనే తీసి పెట్టాడు. నేను మిగతాది కన్నుతో సరిచేశాను. ఈసారి ఒంటి ముడి వేయలేదు. నాలుగో రోజుకి కారల్ వచ్చి, డిక్కీలో తల దూర్చి, బయటికి తీసి, మళ్ళీ దూర్చింది. “ఇదే. ఇదే నా రంగు” అని ఆ గట్టి గొంతుతో డిక్కీలోంచే అరిచింది. డ్రైవరు వైపు అద్దానికి వెనక ఉండే గిన్నె ఒక్కటి మేమింకా గీకలేదు, మొదటి ముదురు రంగులోనే ఉంది. “దీన్నీ గీకెయ్యమంటారా?” అని అడిగి సాల్ దాన్ని విప్పబోతే ఆపింది. “అది ఉండనివ్వండి. అది ఆవిడది. ఈసారి నన్ను అడిగారుగా, ఉండమని నేను చెబుతున్నాను.”

ఆ తర్వాత గురువారం సాయంత్రాలు ఆవిడ నాకు చదువు చెప్పడానికి షెడ్డుకి వచ్చేది. ఒకటో క్లాసు పిల్లల బొమ్మల పుస్తకాలు, నా ముందు రంగుల కార్డులు. ఆవిడ క్లాసులో అందరికన్నా పెద్దదాన్నీ, అందరికన్నా మొండిదాన్నీ నేనేనట. ఆరు నెలలకి సాల్ ముందు నిలబడి ఒక కార్డు మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఆయన తాళాల గుత్తిలోంచి రంగుల గది తాళం తీసి నా చేతిలో పెట్టాడు. అక్షరాలొస్తే కన్ను పోతుందని నాన్న భయపడ్డాడు గానీ పోలేదు. ఇంకా కాస్త ధైర్యంగా చూసింది. తెలుగు అక్షరాలకి మాత్రం చాలా ఆలస్యమైంది. లలితవాళ్ళు ఇక్కడే ఉన్న రోజుల్లో మనవరాలిని గుడిలో ఆదివారం తెలుగు క్లాసుకి తీసుకెళ్ళి, వెనక బల్ల మీద కూర్చుని, ఐదేళ్ళ పిల్లలతో కలిసి దిద్దుకున్నాను. అది మధ్యలో మానేసింది. నేను మానలేదు. ఇప్పుడీ రాత ఆ చలవే.

కారల్ కారు మళ్ళీ మా షెడ్డుకి వచ్చేసరికి అయిదారేళ్ళు గడిచాయి. లలిత అప్పుడు నా కొంగు పట్టుకుని తిరుగుతోంది. పార్కింగ్‌లో ఎవరో ముందు చక్రం మీద రేకు నొక్కేశారు. ఎండకీ వానకీ బయటే పెట్టడం వల్ల కారు మొత్తం ఒక పిసరు వెలిసింది. నేను అలవాటుగా డిక్కీ తెరిచి, చాప కింది రంగు చూసి, అతుకు కోసం తల తిప్పాను. డ్రైవరు వైపు అద్దం కనబడింది. దగ్గరికి వెళ్ళాను. మళ్ళీ డిక్కీ దగ్గరికి వచ్చాను. సాల్‌ని పిలిచాను. ఆయన కారల్‌ని పిలిచాడు. ముగ్గురం అటూ ఇటూ తిరిగాం. అన్ని ఎండలు తిన్నాక, ఆ అద్దం గిన్నె ఒక్కటే సరిగ్గా ఫ్యాక్టరీ రంగులో ఉంది.

కారల్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. “సరే, ఈసారి మొత్తం కారుకి ఆ వాటా వెయ్యి,” అంది. “నేను అడుగుతున్నాను, గుర్తుంచుకో.”

నలభై ఏళ్ళ తర్వాత ఇదంతా లలితకి చెప్పేసరికి పొద్దు వాలింది. కుప్పలు మూడూ అలాగే ఉన్నాయి. ఇప్పుడంత కష్టం లేదమ్మా, ఫోన్ లాంటిది ఒకటి కారు మీద పెడితే రంగు అదే చెప్పేస్తుంది అంది. ఉండొచ్చు. కానీ చెప్పడానికి రంగులేవీ? హెర్న్‌డన్‌లో వాళ్ళ ఇంటి ముందు బారుగా నిలిపిన కార్లు ఎప్పుడు చూసినా ఉప్పు రంగు, బూడిద రంగు, బొగ్గు రంగు. వీధి వీధంతా ఎవరినో పరామర్శించడానికి వచ్చినట్టుంటుంది. బావ ఉంటే ఒక్కదాన్నైనా పిచ్చెక్కిన నేరేడు చేసి వదిలేవాడు. సాల్ షెడ్డు ఉన్నచోట ఇప్పుడు మందుల షాపు ఉంది. అదీ తెలుపే.

లలిత లేబుల్ కాగితాలు తెచ్చి, నేను చెబుతుంటే తను ఇంగ్లీషులో రాస్తానంది. నేనే రాస్తానని పెన్ను లాక్కున్నాను. కనకాంబరం. గచ్చకాయ. చిలకపచ్చ. అక్షరాలు కాస్త వంకర, అయినా చదవొచ్చు. వంకాయ రంగు పుల్ల దగ్గరికి వచ్చేసరికి, ఆ ఒంటి ముడి చూపిస్తూ లలిత అడిగింది.

“ఇదేనా నీ ఫస్ట్ వాష్ షేర్? ఇది కూడా రాస్తావా?”

“రాస్తాను. ముందు నువ్వు చెప్పు. మీ ఇంటికొస్తే నా గదికి ఏ రంగు వేయిస్తున్నావు?”

అది నసిగింది. “ఆల్రెడీ పెయింట్ అయిపోయింది అమ్మా. ఆఫ్ వైట్. నీకు నచ్చుతుంది అనుకున్నా.”

“నన్నడిగావా?” అని నేను ఆ వంకాయ రంగు పుల్ల తీసి దాని చేతిలో పెట్టాను.